"క్లారిటీ పెంచండి" అంటే ఏం జరుగుతుంది? గింప్ ఫిల్టర్ల వెనక లెక్క

ఫ్లెక్సీ షాపుల్లో రోజూ వినపడే మాట ఒకటుంది: "ఈ ఫొటోకి కొంచెం క్లారిటీ పెంచండి." ఆ ఫొటో స్క్రీన్‌షాట్‌కి స్క్రీన్‌షాట్ అయి, వాట్సాప్‌లో నాలుగు చేతులు మారి వచ్చి ఉంటుంది. అడిగేవాళ్ల లెక్కలో క్లారిటీ టీవీ సౌండ్ లాంటిది, నొక్కితే పెరగాలి. డిజైనర్‌కి వాదించే తీరిక ఉండదు. షార్పెన్ అనే పదును పెట్టే ఫిల్టర్ కొడతాడు. మొహం అంచున తెల్లటి గీత మెరుస్తుంది, బుగ్గల మీద సన్నటి గళ్లు తేలతాయి. "ఆఁ, ఇప్పుడు బాగుంది" అని తీసుకెళ్తారు. నిజంగా బాగుపడిందా, బాగుపడినట్టు అనిపించిందా? ఇది తేలాలంటే ఫిల్టర్ లోపల జరిగే పనేమిటో చూడాలి.

చూడటానికి ఫొటోలు దిద్దే గింప్ మంచి చోటు. డబ్బు కట్టక్కర్లేదు, పైగా ఏ ఫిల్టరైనా తన అంకెల్ని బయటపెట్టే పనిచేస్తుంది. 1995లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు క్లాసు ప్రాజెక్టుగా మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. మరుసటి ఏడాదికి జనం చేతికి వచ్చింది. ఫోన్ యాప్‌లలో ఎఫెక్టులకి "గ్లో", "బ్యూటీ" అని ముద్దుపేర్లుంటాయి, లోపల ఏం చేస్తున్నాయో చెప్పవు. గింప్‌లో మాత్రం రేడియస్, అమౌంట్, థ్రెషోల్డ్ అని పొడిపొడిగా ఉంటుంది. మొదట్లో విసుగు పుట్టించేది ఆ పొడితనమే, నేర్చుకోడానికి పనికొచ్చేదీ అదే.

కంప్యూటర్‌కి ఫొటో అంటే అంకెల పట్టిక. మామూలు 8 బిట్ల ఫొటోలో ఒక్కో పిక్సెల్‌కి, అంటే ఫొటోలోని ఒక్కో చిన్న చుక్కకి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకి తలా ఒక అంకె, 0 నుంచి 255 లోపు. ఫిల్టర్ చేసేదల్లా ఆ అంకెల మీద కూడికలు, తీసివేతలు, సగట్లు. అంతకు మించి దానికి ఏమీ తెలియదు. అది మొహమని తెలియదు, అది కన్ను అని తెలియదు. బావిలో ఉంటేనే బొక్కెనలోకి వచ్చేది అన్నట్టు, పట్టికలో లేని వివరం దాని చేతికి దొరకదు.

మరి షార్పెన్ కొడితే ఏదో తేటపడినట్టు కనపడుతుంది కదా? ఒక చిన్న లెక్క వేసి చూస్తే గుట్టు తెలుస్తుంది. ఆకాశం ముందు గోపురం ఉన్న ఫొటోలో, అంచు దగ్గర ఒక వరసలో ఆరు పిక్సెళ్లు తీసుకుందాం. గోపురం వైపు మూడూ 100, ఆకాశం వైపు మూడూ 200. అంటే 100, 100, 100, 200, 200, 200. గింప్‌లో ఎన్‌హాన్స్ కింద ఉండే షార్పెన్ ఫిల్టర్‌కి అన్‌షార్ప్ మాస్క్ అని ఇంకో పేరుంది. పదును పెట్టే ఫిల్టర్‌కి పదునులేని పేరేమిటని చాలామంది తికమకపడతారు. పేరులో తప్పేమీ లేదు. ఆ ఫిల్టర్ ముందుగా చేసేది ఫొటోని మసక చేయడం. ప్రతి పిక్సెల్‌నీ దాని ఇరుగుపొరుగుతో కలిపి సగటు తీస్తే మన వరస 100, 100, 133, 167, 200, 200 అవుతుంది. నిటారు మెట్టు కాస్తా ఏటవాలుగా మారింది. ఇప్పుడు అసలు వరసలోంచి ఈ మసక వరసని తీసేస్తే మిగిలేది 0, 0, మైనస్ 33, ప్లస్ 33, 0, 0. అంచు తప్ప మిగతాదంతా సున్నా. ఈ తేడాని మళ్లీ అసలు వరసకి కలిపితే 100, 100, 67, 233, 200, 200.

గోపురం అంచు ఇంకాస్త నల్లబడింది, దాన్ని ఆనుకున్న ఆకాశం ఇంకాస్త తెల్లబడింది. గోపురం మీది బొమ్మల్లో ఒక్క వేలు కూడా కొత్తగా పుట్టలేదు. వాకిట్లో తెల్లముగ్గు చుట్టూ జాజు గీత గీస్తే ముగ్గు ఎత్తుగా కనపడుతుందే, ఇదీ అలాంటి పనే. మన కన్ను వెలుతురుని విడిగా కొలవదు, పక్కదానితో పోల్చి చూస్తుంది కాబట్టి ఈ కిటుకు పనిచేస్తుంది. కంప్యూటర్లు కనిపెట్టిందేమీ కాదిది. ఫిల్ము రోజుల్లో నెగెటివ్‌కి మసకగా ఒక నకలు తీసి, రెంటినీ జతచేసి ప్రింటు వేసేవారు. పేరు అక్కడిదే.

ఆ తేడాని ఎన్ని రెట్లు కలపాలో చెప్పేది అమౌంట్. పైన చేసిన లెక్క అమౌంట్ 1 పెట్టినట్టు. అదే 2 పెడితే అంచు పిక్సెళ్లు 33, 267 అవుతాయి. పట్టికలో 255కి మించి చోటు లేదు, 267 కాస్తా 255 దగ్గర కత్తిరించబడుతుంది. అంటే తెల్లకాగితం. కొబ్బరాకుల చుట్టూ, మనుషుల తలకట్టు చుట్టూ కనపడే తెల్లగీత అదే. సగటుకి ఎంత దూరం పిక్సెళ్లు తీసుకోవాలో చెప్పేది రేడియస్, దాన్ని పెంచేకొద్దీ ఆ గీత లావెక్కుతుంది. థ్రెషోల్డ్ వీటి కన్నా తెలివైన మీట, ఎందుకో దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఫలానా అంకె కన్నా తక్కువ తేడా ఉన్నచోట ఏమీ చేయొద్దని దానికి చెప్పొచ్చు. పట్టుచీర జరీకి పదును రావాలి, కట్టుకున్న మనిషి చర్మం మీది రంధ్రాలకి రాకూడదు అనుకున్నప్పుడు కదపాల్సింది దాన్నే.

ఇప్పుడు వాట్సాప్ ఫొటో దగ్గరికి వద్దాం. జేపెగ్ పద్ధతిలో ఫొటోని కుదించేటప్పుడు దాన్ని 8 పిక్సెళ్ల పొడవు, 8 పిక్సెళ్ల వెడల్పు ఉన్న గళ్లుగా కోస్తారు. ఒక్కో గడిలో కంటికి అంతగా ఆనని వివరాన్ని పారేస్తారు. కుదింపు గట్టిగా ఉంటే పక్కపక్క గళ్ల మధ్య సన్నటి అతుకు మిగులుతుంది. మామూలుగా చూస్తే అది కనపడదు. కానీ ఫిల్టర్ దృష్టిలో కనురెప్ప అంచూ అంచే, గళ్ల అతుకూ అంచే. రెంటికీ సమానంగా పదును పెడుతుంది. బుగ్గల మీద తేలిన గళ్లు అక్కడివే. పోయిన వివరం రాలేదు సరికదా, పోయిన చోటు బట్టబయలైంది.

ఇందులో ఇంకో తమాషా ఉంది. 960 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోని 8 అడుగుల ఫ్లెక్సీకి సాగదీస్తే అంగుళానికి 10 పిక్సెళ్లు వస్తాయి. ఒక్కో పిక్సెల్ రెండున్నర మిల్లీమీటర్లు, ఇంచుమించు నువ్వుగింజంత. దగ్గర నుంచి చూస్తే ఘోరంగా ఉంటుంది. కానీ సుమారు 30 అడుగుల దూరంలో నిలబడినవాళ్ల కంటికి అంత చిన్నవి విడివిడిగా ఆనవు. సెంటర్లో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీని జనం చూసేది ఆ దూరం నుంచే. అంటే ఏమీ చేయకుండా వదిలేసినా సరిపోయే ఫొటోకి షార్పెన్ కొట్టి, దూరానికి కూడా కనపడే తెల్లగీతని తెచ్చిపెడుతున్నాం.

షార్పెన్ గురించి ఇంతసేపు చెప్పుకున్నాక బ్లర్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, పై లెక్కలో మొదటి సగం అదే. గాస్సియన్ బ్లర్ అయితే సగటు తీసేటప్పుడు దగ్గరి పిక్సెళ్లకి ఎక్కువ విలువ, దూరం పోయేకొద్దీ తక్కువ విలువ ఇస్తుంది. ఒక్క సంగతి మాత్రం చెప్పుకోవాలి. ఫైల్‌లో ఉండే 0 నుంచి 255 అంకెలు వెలుతురుకి సరిసమానంగా పెరిగేవి కావు, కంటికి అనువుగా వంచి రాసుకున్నవి. నలుపు 0, తెలుపు 255 కలిపి నేరుగా సగటు తీస్తే 128 వస్తుంది. అసలు వెలుతురులోకి మార్చి, అక్కడ సగటు తీసి, మళ్లీ వెనక్కి మారిస్తే వచ్చేది 188. తేడా చిన్నది కాదు. దీపావళి రాత్రి తీసిన ఫొటోలో వెనకున్న ప్రమిదల వరసని మసక చేస్తే మొదటి లెక్కలో దీపాలు బూడిదరంగు మరకలవుతాయి, రెండో లెక్కలో నిజం లెన్సులో కనపడినట్టు వెలుగు ముద్దలవుతాయి. 2018లో వచ్చిన గింప్ 2.10తో ఈ రెండో రకం లెక్క అందుబాటులోకి వచ్చింది. ఒక్కో రంగుకి 8 బిట్లకి బదులు 16, 32 బిట్లలో పనిచేసే వీలూ అప్పుడే వచ్చింది. వరసగా నాలుగైదు ఫిల్టర్లు వేస్తే ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు పడే జబ్బుకి మందు అదే: ఇమేజ్ మెనూలో బిట్లు పెంచుకుని, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలి.

ఎఫెక్టులు అనగానే మన దగ్గర గుర్తొచ్చేవి ఫొటోల కన్నా అక్షరాలు. పుట్టినరోజు ఫ్లెక్సీ మీద పేరుకి బంగారు రంగు, దానికి బెవెల్, చుట్టూ తెల్ల అవుట్‌లైన్, దాని చుట్టూ ఎర్ర అవుట్‌లైన్, వెనకాల నీడ. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఈ బరువుని మోస్తాయి, ఎందుకంటే వాటిలో గీతలు లావు, సందులు పెద్దవి. తెలుగుకి అలా కుదరదు. "శుభాకాంక్షలు" అన్న మాటనే తీసుకోండి. "బ"కీ "భ"కీ తేడా చూపేది కింద నిలబడే ఒక చిన్న గీత. బెవెల్ అక్షరం అంచుని ఒకవైపు వెలుగుగా, ఒకవైపు చీకటిగా మారుస్తుంది. గీత రెండు అంచులంత మందం కూడా లేకపోతే మిగిలేది అంచులే, మధ్యలో ఒంటి రంగు ఉండదు. బంగారు నేపథ్యం మీద ఆ గీత కరిగిపోతుంది, పదం "శుబాకాంక్షలు"గా చదవబడుతుంది. రాసినవాడు సరిగ్గానే రాశాడు, ఫిల్టర్ తప్పు చేయించింది. "ద", "ధ"ల సంగతీ, "ప", "ఫ"ల సంగతీ ఇంతే. "కాం"లో సున్న లోపలి ఖాళీ అవుట్‌లైన్‌తో పూడుకుపోతే చుక్కలా మిగులుతుంది. "క్ష" కింద వేలాడే ఒత్తుకి పైనుంచి తల్లి అక్షరం నీడ వచ్చి పడుతుంది. నీడ కిందకి ఎంత జరిపితే ఒత్తుల చదువు అంత చెడుతుంది.

దీనికి గింప్‌లో చక్కటి మార్గం ఉంది, కాకపోతే అది అవుట్‌లైన్ అన్న పేరుతో ఉండదు. లైట్ అండ్ షాడో కింద డ్రాప్ షాడో తెరిచి, ఎక్స్, వై రెండూ సున్నా చేసి, బ్లర్ రేడియస్ కూడా సున్నా చేసి, గ్రో రేడియస్ మాత్రం నాలుగో ఆరో పెడితే నీడ కాస్తా అక్షరం చుట్టూ సమానంగా లావెక్కి అవుట్‌లైన్ అయిపోతుంది. అపాసిటీ పూర్తిగా పెంచి, రంగు కావలసింది ఎంచుకోవచ్చు. ఇది అక్షరం వెనక పడేది కాబట్టి అక్షరం గీతని తినదు. ముందు సన్నటి గీతల ఫాంటు మానేయాలన్నది వేరే సంగతి. రామభద్ర లాంటి లావుపాటి ఫాంటు ఎఫెక్టుకి నిలబడినట్టు మండలి నిలబడదు, మండలి పుట్టింది చదువుకోడానికి. రెండూ ఉచితంగా దొరికే యూనికోడ్ (ఏ కంప్యూటరైనా ఒకేలా చదివే పద్ధతి) ఫాంట్లే. డీటీపీలో వాడే పాత పద్ధతి "అను" ఫాంట్లలో టైపు చేసిన మేటర్‌ని గింప్‌లో పేస్ట్ చేసి ఇలాంటి యూనికోడ్ ఫాంటు పెడితే మాత్రం గజిబిజి గుర్తులు కనపడతాయి. అది గింప్ లోపం కాదు, ఆ మేటర్ యూనికోడ్ కాకపోవడం.

వెలుగు దిక్కు గురించి కూడా ఒక మాట. బెవెల్‌లో వెలుగు ఎడమ పైనుంచి పడుతుంటుంది, నీడ కుడి కిందకి. అదే ఫ్లెక్సీ మీద కత్తిరించి అతికించిన నాయకుడి మొహానికి ఎండ కుడివైపు నుంచి కొడుతుంటుంది, పక్కనున్న అనుచరుడికి ఫ్లాష్ ఎదురుగా. మూడు సూర్యుళ్లు. చూసేవాళ్లు కారణం చెప్పలేరు గానీ, "ఏదో అతికించినట్టుంది" అని మాత్రం అనేస్తారు.

ఫిల్టర్లన్నీ ఒక జాతివి కావని తెలియకపోతే ప్రమాదం జరిగే చోటు ఒకటుంది: దాచడం. ఆధార్ కార్డు ఫొటో పంపేటప్పుడు నంబరు మీద బ్లర్ కొట్టి పంపేవాళ్లు చాలామంది. బ్లర్ ఎంత దాస్తుందో ఆలోచించాలంటే 2007 నాటి ఒక కేసు గుర్తుచేసుకోవాలి. పిల్లల మీద అఘాయిత్యాల ఫొటోల్లో ఒక వ్యక్తి తన మొహాన్ని సుడి తిప్పే ఎఫెక్టుతో చెరిపేశాననుకున్నాడు. జర్మనీ పోలీసు నిపుణులు ఆ సుడిని వెనక్కి తిప్పారు, మొహం బయటపడింది. ఇంటర్‌పోల్ ఆ మొహాన్ని ప్రపంచమంతటా విడుదల చేసింది. కొద్ది రోజుల్లోనే థాయ్‌లాండ్‌లో దొరికిపోయాడు. గింప్‌లో డిస్టార్ట్స్ కింద ఉన్న వర్ల్ అండ్ పించ్ చేసేదీ ఇదే పని. పేకముక్కలు కలిపినట్టు పిక్సెళ్లని అటూ ఇటూ జరుపుతుంది తప్ప ముక్కల్ని పారేయదు. ఏ వరసలో కలిపారో తెలిస్తే మళ్లీ పేర్చేయొచ్చు.

బ్లర్ అలా కాదు, అది పాలల్లో నీళ్లు కలిపినట్టు సగటు చేస్తుంది. అయినా అంకెల విషయంలో అదీ గట్టి తాళం కాదు. ఆధార్ నంబరులో ఒక్కో స్థానంలో ఉండగలిగేవి పది అంకెలే, ఫాంటు ఏదో తెలుసు. 0 నుంచి 9 వరకు ఒక్కోటీ రాసి, అంతే బ్లర్ కొట్టి, ఏది మీ ఫొటోలోని మరకతో సరిపోతుందో పోల్చి చూస్తే చాలు. పిక్సెలైజ్ చేసి గళ్లుగా మార్చినా ఇదే పద్ధతిలో పట్టుకోవచ్చు. దాచాలంటే ఫిల్టర్లు కాదు, సెలెక్ట్ చేసి నల్లరంగు నింపడమే సరైన పని. తర్వాత దాన్ని జేపెగ్‌గానో పీఎన్‌జీగానో ఎక్స్‌పోర్ట్ చేసి పంపాలి. గింప్ సొంత ఎక్స్‌సీఎఫ్ ఫైల్ పంపితే లేయర్లన్నీ (ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు) అలాగే ఉంటాయి, అవతలివాళ్లు నల్లలేయర్ పక్కనున్న కన్నుగుర్తు ఆపేసి చదువుకోవచ్చు. ఆధార్ వరకైతే ఈ బాధ కూడా అక్కర్లేదు, చివరి 4 అంకెలే చూపించే మాస్క్‌డ్ ఆధార్‌ని యూఐడీఏఐ సైటే ఇస్తుంది.

ఇక ఫిల్టర్లు వేసే వరస. ముందు నాయిస్ (ఫొటోలో రేగిన చుక్కలు) తీయాలి, తర్వాత సైజు మార్చాలి, షార్పెన్ అన్నిటికన్నా ఆఖరున. కారణాలు పై లెక్కలోనే ఉన్నాయి. నాయిస్ ఉండగా పదును పెడితే నాయిస్‌కీ పదును వస్తుంది. సైజు తగ్గించినప్పుడు పిక్సెళ్ల సగటు తీస్తారు కాబట్టి ఎంతోకొంత మసక తప్పదు. ముందే పెట్టిన పదును అందులో కొట్టుకుపోతుంది. వంటలో తాలింపు ఎప్పుడు పెట్టాలో తెలిసినట్టే ఇదీ చేయగా చేయగా అలవాటవుతుంది.

అలవాటయ్యేలోపు చేసిన తప్పుల్ని వెనక్కి తీసుకునే వీలు గింప్‌లో చాలాకాలం సరిగ్గా లేదు. ఫిల్టర్ వేసి ఓకే నొక్కితే అంకెలు మారిపోయేవి, ఫైల్ మూసేశాక అన్‌డూ కూడా ఉండదు. అందుకే లేయర్‌కి ముందు ఒక నకలు తీసుకుని దాని మీద పనిచేయడం పాతకాపుల పద్ధతి. 2025 మార్చిలో వచ్చిన 3.0తో ఇది మారింది. ఇప్పుడు ఫిల్టర్ వేస్తే లేయర్ పక్కన ఎఫ్ఎక్స్ అన్న గుర్తు వస్తుంది. దాన్ని నొక్కి ఏ ఫిల్టర్‌నైనా ఆపొచ్చు, అంకెలు మార్చొచ్చు, వరస పైకీ కిందకీ జరపొచ్చు, తీసేయొచ్చు. ఎక్స్‌సీఎఫ్‌గా దాచుకుంటే నెల తర్వాత తెరిచినా అవి అలాగే ఉంటాయి.

అక్షరాల పని చేసేవాళ్లకి దీని విలువ ఎక్కువ తెలుస్తుంది. పెళ్లి శుభలేఖ అంతా అయిపోయాక, అర్ధరాత్రి ఫోన్ చేసి "పెళ్లికూతురు పేరులో దీర్ఘం పడలేదండీ" అంటారు. పాత గింప్‌లో అయితే పేరు దిద్దితే ఎఫెక్టు పోయేది, మళ్లీ మొదట్నుంచీ. ఇప్పుడు టెక్స్ట్ టెక్స్ట్‌గానే ఉంటుంది, దీర్ఘం పెడితే అవుట్‌లైన్, నీడ వాటంతట అవే కొత్త అక్షరానికి సర్దుకుంటాయి. పాత నకలు పద్ధతి మాత్రం పూర్తిగా మానక్కర్లేదు. నకలు లేయర్‌కి షార్పెన్ వేసి, నల్లటి లేయర్ మాస్క్ (నల్లగా ఉన్నచోట లేయర్‌ని దాచి, తెల్లగా ఉన్నచోట చూపేది) పెట్టి, కళ్లూ జుట్టూ ఉన్నచోట మాత్రం తెల్ల బ్రష్‌తో రుద్దితే పదును అక్కడికే పరిమితమవుతుంది. ఫొటో మొత్తానికి ఒకే అమౌంట్ కొట్టడం కన్నా ఇది ఎప్పుడూ మెరుగు.

ఆయిలిఫై, కార్టూన్ లాంటి కళాత్మక ఫిల్టర్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అవి కావాలనే వివరాన్ని పారేస్తాయి, దాచిపెట్టి చేసే మోసమేమీ లేదు. ఇవి చాలకపోతే ఫ్రాన్స్‌లోని కాన్ నగరంలో ఒక పరిశోధనాశాల తయారుచేసిన జీమిక్ అనే ఉచిత ప్లగిన్ (గింప్‌కి అదనంగా తగిలించుకునేది) ఉంది, అందులో 500కు పైగా ఫిల్టర్లున్నాయి. మొదటి వారం పండగలా ఉంటుంది. తర్వాత వాడేవి నాలుగైదే అని తేలుతుంది.

లేనిదాన్ని తెచ్చిపెట్టే ఫిల్టర్లే లేవా అంటే, ఉన్నాయి, కానీ ఊహించి తెస్తాయి. రీసింథసైజర్ అనే ప్లగిన్‌తో గోపురానికి అడ్డంగా ఉన్న కరెంటు తీగని సెలెక్ట్ చేసి హీల్ సెలెక్షన్ కొడితే, చుట్టుపక్కల ఆకాశంలోంచి ముక్కలు ఏరి ఆ సందు పూడుస్తుంది. ఫొటోషాప్‌లో 2010లో కంటెంట్ అవేర్ ఫిల్ రాకముందే ఉచితంగా దొరికిన సౌకర్యమిది. ఆకాశానికి, ఇసుకకి, పచ్చికకి బాగా పనిచేస్తుంది. తీగ ఒక శిల్పం మొహం మీదుగా పోతుంటే పక్క శిల్పం చెయ్యి తెచ్చి అక్కడ అతికించినా అతికిస్తుంది. ఏఐతో ఫొటోని పెద్దది చేసే అప్‌స్కేల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లదీ ఇలాంటి ఊహే, కాకపోతే అవి ఊహించేది ముందు నేర్చుకున్న వేలాది వేరే ఫొటోల్ని బట్టి. చీర అంచుకి, చెట్ల ఆకులకి అది నప్పుతుంది. శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ఇచ్చిన చిన్న ఫొటో మీద వేస్తే కనుబొమలు నున్నగా, పళ్లు వరసగా, చర్మం ముడతల్లేకుండా వస్తుంది. బయటివాళ్లు మెచ్చుకుంటారు. ఇంట్లోవాళ్లు మాత్రం ఒక్క క్షణం చూసి, "ఇది మా నాన్నలా లేదండీ" అంటారు.

అలాంటప్పుడు డిజైనర్ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆల్బమ్‌లో ఈ ఫొటో ప్రింటు ఏమైనా ఉందా? నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవున్న మామూలు ప్రింటుని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే 2400 వెడల్పు, 3600 పొడవు పిక్సెళ్లు చేతికొస్తాయి. దానికి షార్పెన్ అమౌంట్ అర పెట్టినా సరిపోతుంది.